పెనాల్టీ బాక్సులో అత్తగారు

తిబోర్ కుబాల మా ఊరి ఐస్ హాకీ జట్టులో ఫార్వర్డ్. ఎడమవైపు ఆడేవాడు. పదహారేళ్లకే జీతానికి మంచు మీదికి దిగినవాడు. రాజధాని బ్రాటిస్లావాలో కొన్ని సీజన్లు, చెక్ దేశంలో కొన్ని, పోలండ్‌లో ఒకటి ఆడి, ముప్పై ఒకటో ఏట మళ్లీ తాత్రా కొండల కింద మా ఊరికే చేరాడు. ఎక్కడికెళ్లినా గోల్స్ కన్నా పెనాల్టీలే ఎక్కువ. ఎవడైనా తనను దాటిపోతే చాలు, వాడి కాళ్ల మధ్య కర్ర పెట్టేవాడు. రిఫరీ ఈల వేసేవాడు. తిబోర్ రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చునేవాడు, అంతసేపూ మా వాళ్లు ఒకడు తక్కువతో ఆడేవారు.

ఆ బాక్సు తలుపు తీసే పని ఇర్మాది. ముప్పై ఏళ్లు రైల్వే గేటు వేసి, తీసి రిటైరయింది. ఖాళీగా కూర్చోలేక క్లబ్బుకు వచ్చి ఈ పని అడిగి తీసుకుంది. తిబోర్ భార్య యార్మిలా ఆమె కూతురే.

ఆదివారం భోజనాల్లో తిబోర్ అత్తగారికి దొరికేవాడు కాదు. సూపు తాగి, సాధన ఉందంటూ లేచేవాడు. బాక్సులో మాత్రం ఎక్కడికి పోతాడు? వంటింటి కుళాయి ఎప్పుడు బాగుచేస్తావు, యార్మిలా పుట్టినరోజు గుర్తుందా అని ఆమె అన్నీ అక్కడే అడిగేది. అతను గడియారం వంక చూస్తూ ఊకొట్టేవాడు. పెనాల్టీ పడినప్పుడల్లా జట్టులో కుర్రాళ్లు, "పాపం, అత్తారింటికి వెళ్లాడు" అనుకునేవారు.

నేను ఆ జట్టు స్కేట్లకు సాన పట్టేవాణ్ణి. మరుసటి శీతాకాలం నాకొక సంగతి కనిపించింది. తిబోర్ ఎడమ స్కేటు బయటి అంచు అరగడమే లేదు. తక్కినవన్నీ మొద్దుబారి వస్తున్నాయి. అంటే మనిషి ఎడమకు తిరగడం మానేశాడు. అడిగితే, నీ పని నువ్వు చూసుకో బాబాయ్ అన్నాడు. వచ్చే ఏడాది ఒప్పందం మీద ఇంకా సంతకం కాలేదని అందరికీ తెలుసు. ఊరుకున్నాను.

ఇర్మా ఊరుకోలేదు. ఫిబ్రవరిలో ఒక మ్యాచ్‌లో అతను మూడోసారి బాక్సులోకి రాగానే ఏమందో తర్వాత ఆమే నాకు చెప్పింది.

"తుంటి ఎన్నాళ్లుగా నొప్పెడుతోంది అల్లుడూ?"

"నొప్పేంటి అత్తయ్యా. నాకేం లేదు."

"కుడి పక్క నుంచి ఎవడన్నా పోతే వెంటపడుతున్నావు. ఎడమ పక్క నుంచి పోతే కర్ర చాస్తున్నావు. ముప్పై ఏళ్లు రైళ్లు చూశాను. చక్రం పట్టేస్తే నాకు తెలీదా?"

తిబోర్ హెల్మెట్ సర్దుకున్నాడు. "యార్మిలాకి చెప్పకండి. కోచ్‌కి అసలే వద్దు."

"నేనెందుకు చెప్తాను. చెప్పాల్సింది నువ్వు."

ఆ తర్వాత రెండు ఆదివారాలు అతను అత్తగారింటికి భోజనానికే వెళ్లలేదు.

మార్చిలో ఒక మ్యాచ్. అది గెలిస్తే సెమీఫైనల్, ఓడితే ఇల్లు. చెరి రెండు గోల్స్. ఆట ఇంకా మూడు నిమిషాలుందనగా తిబోర్ మళ్లీ ఒకణ్ణి పడేశాడు. ఈసారి ఇర్మా కుళాయి ఊసు కూడా ఎత్తలేదట. మా వాళ్లు ఎలాగో కాచుకున్నారు. శిక్ష ముగియవస్తుండగా మా డిఫెండర్ పక్‌ను, అదే ఆ నల్ల రబ్బరు బిళ్లను, గట్టిగా ముందుకు కొట్టాడు. అది బాక్సు వైపే జారుతూ వస్తోంది. తియ్యండి, తియ్యండి అని తిబోర్ తలుపు తట్టాడు. ఇర్మా గడియారం చూస్తూ గడియ మీంచి చెయ్యి తియ్యలేదు. సున్నా పడ్డాకే తీసింది.

పక్ సరిగ్గా అతని కర్రకే అందింది. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. హాలంతా లేచి నిలబడింది. కీపర్ తిబోర్‌కు కుడివైపు వాలాడు. ఎడమ పక్కంతా ఖాళీ. అటు ఒక్క తిరుగుడు చాలు. అదే తిరగలేకపోయాడు. నేరుగా పోయి కీపర్‌ను గుద్దుకున్నాడు. పక్ వాడి కింద ఉండిపోయింది. అదనపు సమయంలో వాళ్లు గోల్ కొట్టేశారు.

డ్రెస్సింగ్ రూములో తిబోర్ స్కేట్లు కూడా విప్పకుండా లేచి కోచ్ బ్లాజెయ్ ముందు నిలబడ్డాడు.

"నాకు ఎడమకి తిరగడం రావట్లేదు కోచ్ గారూ. అక్టోబర్ నుంచీ."

బ్లాజెయ్ తిట్టాడు. చాలాసేపే తిట్టాడు. ఆర్నెల్లు నోరు మూసుకుని మమ్మల్ని ముంచావన్నాడు. తిట్లయిపోయాక గొంతు తగ్గించి, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పొమ్మనీ, ఆగస్టుకు నిలబడగలిగితే వచ్చి కనపడమనీ చెప్పాడు.

ఏప్రిల్‌లో ఆపరేషన్ అయింది. చంకకర్రలతో ఇంటికొచ్చాక తిబోర్ భార్యకు సంజాయిషీ మొదలుపెట్టాడు. మధ్యలోనే ఆమె ఆపేసింది.

"పక్క మీద నువ్వు దొర్లే తీరు చూసి డిసెంబర్లోనే అర్థమైంది. నువ్వే చెప్తావేమోనని చూశా."

ఆగస్టుకు నిలబడ్డాడు. నవంబర్లో ఆడాడు. మునుపటి వేగం లేదు. కోచ్ అతన్ని అందరికన్నా తక్కువసేపు ఆడే నాలుగో వరసలో వేసి, గోల్స్ కుర్రాళ్లు చూసుకుంటారు, నువ్వు అడ్డం పడు చాలన్నాడు. తిబోర్ అడ్డం పడ్డాడు. షాట్లకు ఒళ్లొడ్డాడు, రెండు పళ్లు పోగొట్టుకున్నాడు, అన్నేళ్లుగా రాని చప్పట్లు తెచ్చుకున్నాడు. పెనాల్టీలు సగానికి సగం తగ్గాయి. అల్లుడు కనపడటమే మానేశాడని ఇర్మా నా దగ్గర వాపోయింది. ఆదివారాలు వస్తున్నాడుగా అన్నాను. "అక్కడ యార్మిలా ఉంటుందయ్యా, నన్ను మాట్లాడనివ్వదు" అంది.

అలా నాలుగేళ్లు ఆడి, ముప్పై ఆరో ఏట మానేశాడు. చివరి మ్యాచ్ అయ్యాక క్లబ్బులో అందరికీ క్యాబేజీ సూపు పోశారు. ప్రెసిడెంటు ఉపన్యాసానికి లేచేలోపే యార్మిలా మొగుణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లింది. పెళ్లయినప్పటి నుంచీ వేసవులన్నీ సాధనకే పోయాయి మరి. ఆ జూన్‌లో అత్తగారితో సహా ముగ్గురూ కారేసుకుని క్రొయేషియా సముద్రానికి వెళ్లారు. ఇరవై ఏళ్లు గడ్డకట్టిన నీళ్ల మీద పరుగెత్తిన మనిషికి ఈత రాదని అక్కడే బయటపడింది. నడుంలోతు నీళ్లలో నిలబడి, ఇద్దరాడవాళ్లూ ఎలా చెబితే అలా చేతులాడిస్తూ, వారంలో నేర్చేసుకున్నాడట.