తుపాకీ ఎంచిందెవరు

సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియా వైపు మనవాళ్ళుండే ఆ కంపెనీ కాంపౌండులో ఆడవాళ్ళకి రెండే రెండు పోటీలుండేవి. ఒకటి ముగ్గులు, రెండోది మ్యూజికల్ చైర్స్. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపుల్లో రైఫిల్ పట్టి కాకినాడకి కప్పు తెచ్చిన చరిత, ముప్ఫై దాటాక కుర్చీల చుట్టూ పరుగెత్తి, మూడో బహుమతిగా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా గెలుచుకుంది. ఆ డబ్బా కంటబడినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. మండదా మరి?

రెండేళ్ళుగా ఆమె అడుగుతున్నది ఒక్కటే. కాంపౌండు నిండా పిల్లలున్నారు, సాయంత్రమైతే వాళ్ళకి టీవీ తప్ప దిక్కులేదు. ఎయిర్ రైఫిల్ క్లబ్బు పెట్టండి, నేను నేర్పుతాను, నాకు పైసా అక్కర్లేదు. ఈ మాట కాంపౌండు అసోసియేషన్ పెద్ద విశ్వనాథం గారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. విశ్వనాథం గారు చెడ్డమనిషేం కాదు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందు కనబడే మనిషి. కాకపోతే ఆడపిల్ల నోట తుపాకీ మాట వింటే ఆయనకి నవ్వు ఆగదు. "చూద్దాంలేమ్మా" అనేవారు, చంటిపిల్ల చందమామ కావాలని అడిగితే అన్నట్టు.

రెండువేల రెండు చలికాలంలో ఆ చూద్దాం కాస్తా నిజమయ్యేలా కనబడింది. కంపెనీవాళ్ళు ఒక మాటన్నారు. మగవాళ్ళకి ఎయిర్ రైఫిల్ పోటీ పెట్టుకోండి, గొడవా గందరగోళం లేకుండా జరిగితే మూలనపడ్డ స్క్వాష్ ఆట గది క్లబ్బుకి ఇచ్చేస్తాం, మీలోంచే ఒకరిని ఇన్‌ఛార్జిగా పెట్టుకోండి అని. పోటీలో ఆడవాళ్ళకి చోటు లేదు. చరిత మింగలేక కక్కలేక ఊరుకుంది. పోనీ, గది వస్తే చాలు, అందులో నిలబడి నేర్పేది నేనేగా అనుకుంది.

పోటీకి నిబంధన కూడా పెట్టారు. రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. స్క్రూ మార్చకూడదు, స్ప్రింగు మార్చకూడదు, ట్రిగ్గర్‌కి ఆకురాయి తగలకూడదు. డబ్బున్నవాడు తుపాకీకి సింగారాలు చేయించుకుని గెలవకుండా పెట్టిన మంచి నిబంధనే. అది విన్న రోజు, పోటీకి పేరిచ్చిన చరిత మొగుడు హేమసుందర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అయితే అన్నీ ఒకటే, ఏదో ఒకటి కొనేస్తే పోలా అన్నాడు. అతను పైపుల ఇంజనీరు, నెమ్మదస్తుడు, కొట్టువాడు చేతికిచ్చింది తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చే రకం. చరిత అతన్ని ఎగాదిగా చూసింది. మార్చడానికి వీల్లేనప్పుడే కదా ఎంచుకోవడంలో పనుండేది!

ఖోబర్ బజారులో వేట సామాను అమ్మే కొట్టుకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. కొట్టులో ఉండేవాడు లాల్ అహ్మద్, పెషావర్ వైపు మనిషి, మర్యాదస్తుడు. ఆ మర్యాద ఎలాంటిదంటే, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా వేసుకుని వెనక నిలబడ్డ ఆడమనిషి వైపు కన్నెత్తి చూడడు. మాటన్నది ఉంటే హేమసుందర్‌తోనే. కాబట్టి చరిత తెలుగులో మొగుడి చెవిన వేసేది, మొగుడు హిందీలో లాల్ అహ్మద్‌కి చెప్పేవాడు.

లాల్ అహ్మద్ ముందుగా కొట్టులోకెల్లా జోరైన రైఫిల్ తీశాడు. పెట్టెలోనే టెలిస్కోపు కూడా వస్తుంది, ఊళ్ళో అందరూ ఇదే పట్టుకెళుతున్నారన్నాడు. చరిత వద్దంది. స్ప్రింగు ఎంత బలంగా ఉంటే గుండు బయటపడేలోగా రైఫిల్ అంత ఎగిరిపడుతుంది, జోరు వేరు గురి వేరు అంది. జోరు తక్కువైనా ఒళ్ళు బరువుగా ఉన్నది, గుండు పెట్టడానికి మధ్యకి విరిచే రకం కాక గొట్టం కదలకుండా ఉండేది, స్ప్రింగుని కింద లివరుతో లాగేది అడగండి అంది. అలాంటివి నాలుగున్నాయి, నాలుగూ ఒకే ఫ్యాక్టరీవి, ఒకే రకానివి. లాల్ అహ్మద్ ఒకటి తీసి బిల్లు రాయబోయాడు.

చరిత పుట్టిల్లు కొబ్బరికాయనైనా వాయించి చూడందే గుమ్మంలోకి రానివ్వని ఇల్లు. నాలుగు పెట్టెలూ విప్పమనండి అంది. హేమసుందర్ సిగ్గుతో చచ్చి సగమయ్యాడు, అయినా చెప్పాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఇంత దూది తీసి, ఒక్కో గొట్టం మూతి చుట్టూ మెల్లగా తిప్పింది. ఒకదాని అంచు దూదిపోగుని పట్టుకుని లాగింది. అక్కడ కంటికి కనబడని గరుకుందన్నమాట. గుండు బయటికొచ్చే ఆఖరి క్షణంలో ఆ గరుకే దాన్ని పక్కకి నెడుతుంది. దాన్ని పక్కన పెట్టించింది. మిగిలినవాటిని వెనక గోడౌన్లో కాల్చి చూస్తామని చెప్పించింది. ఫ్యామిలీ, అంటే ఆడమనిషి, లోపలికి వెళుతోందని లాల్ అహ్మద్ తలుపు బయటే ఆగిపోయాడు.

లోపల బాస్మతి బస్తా మీద ఆనించి, గుడ్డలు కుక్కిన అట్టపెట్టె మీద కాగితం అంటించి, కాల్చిందంతా చరితే. మూడింట్లో రెండు గుళ్ళని చెల్లాచెదురుగా పారబోశాయి. మూడోది అన్నిటినీ ఒక్కచోటే పెట్టింది. నుదుటి బొట్టుబిళ్ళ తీసి అంటిస్తే చిల్లులన్నీ దాని కింద దాక్కున్నాయి. తర్వాత దానికి ఏ రకం గుళ్ళు నప్పుతాయో అదీ చూసి, ఆ రకమే కొనిపించింది. ఏ తుపాకీకి ఏ తిండి పడుతుందో దానికే తెలుస్తుంది, ధర చూసి పెడితే తినదు. బయటికొచ్చాక హేమసుందర్ ఆ మూడోదే కావాలన్నాడు. "సాబ్ కీ నజర్ తేజ్ హై" అని, సాబ్ చూపు చురుకైందని లాల్ అహ్మద్ మెచ్చుకున్నాడు. సాబ్ నవ్వాడు. ఆ నవ్వు దగ్గరే చరిత పట్టుకోవలసింది, పట్టుకోలేదు.

ఆ తర్వాత ఇంటి వెనక గోడ దగ్గర మొగుడికి నేర్పింది. గట్టిగా పట్టుకోకండి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చేతిలో ఉంచుకోండి, ఎగరనివ్వండి, ప్రతిసారీ ఒకేలా ఎగరనివ్వండి అని. హేమసుందర్ బుద్ధిగా నేర్చుకున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

పోటీలో హేమసుందర్ గెలిచాడు. మామూలుగా కాదు, రెండో స్థానంలో ఉన్నవాడికి అందనంత దూరంలో గెలిచాడు. ఆ రెండో స్థానం పునీత్‌ది. ఐటీ విభాగంలో కుర్రాడు, టెలిస్కోపున్న జోరైన రైఫిల్ కొన్నవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతను అందరి ముందూ లేచి, ఇది ఫ్యాక్టరీ తుపాకీ అయ్యే పని లేదు, లోపల ట్రిగ్గర్ అరగదీశారు, విప్పి చూడాల్సిందేనన్నాడు. ఆడవాళ్ళ కుర్చీల్లో కూర్చున్న చరితకి అరికాలి మంట నెత్తికెక్కింది. అవునూ, దొంగతనం చేసి గెలవాల్సిన ఖర్మ మాకేం పట్టింది? మొగుడి మొహం పాలిపోవడం చూసి, అతని తరఫున కుర్చీలోంచి లేవబోయింది.

విశ్వనాథం గారు స్క్రూడ్రైవర్ తెప్పించారు. తీరా చూస్తే స్క్రూల తలల మీద ఫ్యాక్టరీలో వేసిన ఎర్రరంగు చెక్కు చెదరలేదు. ఎవరూ విప్పిన తుపాకీ కాదది. పునీత్ తల గోక్కుంటూ కూర్చున్నాడు. విశ్వనాథం గారు ఆనందం పట్టలేక హేమసుందర్ భుజం తట్టి, మరి ఇంత మంచిది ఎలా దొరికిందో మాక్కూడా చెప్పవయ్యా అని మైకు అతని చేతికిచ్చారు.

చరిత కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇప్పుడు చెబుతాడు. నా పేరు చెబుతాడు. క్లబ్బు సంగతి అక్కడే తేలిపోతుంది.

హేమసుందర్ మొదలుపెట్టాడు. జోరు వేరు, గురి వేరండీ అన్నాడు. గొట్టం కదలకూడదన్నాడు. దూది సంగతి చెప్పాడు, ఏ తుపాకీకి ఏ తిండి పడుతుందో దానికే తెలుస్తుందన్నాడు. ఒక్క ముక్క పొల్లు పోకుండా అన్నీ ఆమె మాటలే, లేనిదల్లా ఆమె పేరే. ఆఖర్ని, "మా ఇంట్లో కొబ్బరికాయనైనా వాయించి చూడందే కొనం లెండి" అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. మా ఇంట్లోనట! వాళ్ళిల్లు, కొబ్బరికాయ కుళ్ళిపోయినా మాట్లాడకుండా పారేసి ఇంకోటి కొట్టుకునే రకం. సొమ్మొకడిది సోకొకడిదంటే ఇదే. చప్పట్లు ఆగకముందే విశ్వనాథం గారు, క్లబ్బుకి ఇన్‌ఛార్జి హేమసుందరే, పిల్లలకి కావలసిన రైఫిళ్ళు కూడా అతనే ఎంచి తెస్తాడని ప్రకటించేశారు. పక్కనున్నావిడ చరిత చెయ్యి నొక్కి, మీవారు గట్టివారేనండీ అంది.

ఇంటికొచ్చాక చరిత కేకలు వెయ్యలేదు. నా పేరు చెప్పడానికి నోరెందుకు రాలేదని మాత్రం అడిగింది. అంతమంది ముందు తడబడ్డానన్నాడు హేమసుందర్. ఆడదాని చేత నేర్చుకున్నానంటే పునీత్‌లాంటివాళ్ళు ఆడిపోసుకుంటారన్నాడు. ఇన్‌ఛార్జి పేరుకే నేను, నేర్పేదంతా నువ్వేలే అన్నాడు. చివరికి, మొగుళ్ళందరూ దాక్కునే చోటికే వచ్చి దాక్కున్నాడు.

"మనిద్దరం ఒకటేగా చరితా. ఎవరి పేరైతే ఏముంది?"

"ఒకటే అయితే, ఆ ఒకటీ ఎప్పుడూ మీరే ఎందుకవుతారు?"

హేమసుందర్ గడ్డం గోక్కుంటూ వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.

ఆ వచ్చే గురువారం విశ్వనాథం గారు తన కారు తీసుకుని వచ్చారు. క్లబ్బు రైఫిళ్ళు కొనాలి, హేమసుందర్ ఎంపిక కళ్ళారా చూడాలని ఆయన ముచ్చట. హేమసుందర్ లోపలికొచ్చి, నువ్వూ తయారవు అన్నాడు, ఏమీ జరగనట్టే. పనిమనిషి కూడా ఈపాటికి మొండికేసేదే. చరిత అబాయా వేసుకుని వెళ్ళి కారు వెనక సీట్లో కూర్చుంది.

లాల్ అహ్మద్ సాబ్‌ని గుర్తుపట్టి ఆప్యాయంగా పలకరించాడు. కొత్త సరుకొచ్చిందని, అదే రకం పెట్టెలన్నీ తెచ్చి బల్ల మీద వరసగా విప్పి పెట్టాడు. విశ్వనాథం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. హేమసుందర్ ఒక రైఫిల్ తీసి బరువు చూశాడు. కాస్త వెనక్కి ఒరిగాడు, చెవి ఆమె వైపు వచ్చేలా. వెనకనుంచి మాట రాలేదు. జేబులోంచి దూది తీసి మూతి చుట్టూ తిప్పాడు, గబగబా, బూటు తుడిచినట్టు. దూదిపోగు తెగి అంచుకి అంటుకునుంది. అతను చూసుకోలేదు. బాగుందండీ, ఇది తీసేద్దాం అన్నాడు.

ఊరుకుందామనే వచ్చింది చరిత. పడనీ, అందరి ముందూ బోర్లా పడనీ అనుకునే వచ్చింది. కానీ ఆ తుపాకీ పట్టుకునేది పిల్లలు. గుండు పక్కకి పోతే తుపాకీది తప్పని వాళ్ళకి తెలియదు, మా చెయ్యి మంచిది కాదనుకుని మానేస్తారు. ఆ ఆలోచన రాగానే ఆమె మొగుణ్ణి దాటి ముందుకొచ్చి, లాల్ అహ్మద్‌తో నేరుగా హిందీలోనే, ఇది పనికిరాదు, అంచున గరుకుంది చూడండి అని చెప్పింది. లాల్ అహ్మద్ ఉలిక్కిపడి తుపాకీ అందుకున్నాడు. గోరుతో తడిమి, నిజమేనని తలూపాడు.

విశ్వనాథం గారు మెల్లగా మందలించారు. అబ్బాయి చూస్తున్నాడు కదమ్మా, చూడనీ అన్నారు.

"ఆయన ఎప్పుడూ చూడలేదు బాబాయిగారూ. ఆ మొదటి తుపాకీ ఎంచింది నేను, కాల్చి చూసింది నేను. ఆయన నా తెలుగుని హిందీ చేసి చెప్పారంతే. మొన్న మైకులో చెప్పిందీ నా మాటలే."

విశ్వనాథం గారు హేమసుందర్ వైపు తిరిగి, ఏమయ్యా, నిజమేనా అని అడిగారు. ఒక్క అవునుతో తేలిపోయే సంగతి. ఆమె అతని నోటి వైపే చూస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతన్నించి ఇంతగా కోరుకున్న మాట ఇంకోటి లేదు.

"ఆవిడ సలహా కూడా తీసుకున్నానండీ" అన్నాడు హేమసుందర్.

సలహా! కూడా! చరితకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కోపంలోనే కలిసిపోయాయి. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది.

"అయితే సలహా లేకుండా ఒకటి తియ్యండి."

హేమసుందర్ బల్ల వైపు తిరిగాడు. ఒకే నలుపు, ఒకే చెక్క, ఒకే అచ్చులో పోసినట్టున్న తుపాకులు. చెయ్యి ఒకదాని మీదికి వెళ్ళి ఆగింది, ఇంకోదాని మీదికి వెళ్ళింది. లాల్ అహ్మద్ ఓపిగ్గా నిలబడ్డాడు. పెట్టెల వరస చివరిదాకా వెళ్ళిన హేమసుందర్, అలవాటు కొద్దీ తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు విశ్వనాథం గారు చూశారు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మొదటిసారి నవ్వు లేకుండా ఆమెతో మాట్లాడారు.

"ఏది తియ్యమంటావమ్మా?"

చరిత తుపాకుల వైపు చూడనైనా లేదు.

"ముందు ఇన్‌ఛార్జి పేరు మార్చండి బాబాయిగారూ. తర్వాత చెబుతాను."