కొండ మీంచి చూసినా దుప్పట్లే

పెద్దకోడలు సంచిలో సర్దిన బట్టలన్నీ మళ్ళీ బయటికి తీసి మంచం మీద పేర్చింది. తువ్వాలు అడుగున పడిపోయిందట. దారిలో మొహం కడుక్కుంటే తువ్వాలు చేతికందొద్దూ?

"అక్కా, ఆ సంచి నీకేం అపకారం చేసింది?" అంది చిన్నకోడలు గుమ్మంలో నిలబడి. "పొద్దుట్నుంచీ దాని పేగులు తీస్తున్నావు."

"నువ్వూరుకో. నీళ్ళసీసా కారితే బట్టలన్నీ తడిసిపోవూ? టికెట్టేదీ?"

"నా దగ్గరే ఉంది."

"చూపించు."

చూపించింది. పెద్దకోడలు దాన్ని వెలుతురుకి పట్టుకుని తేదీ చదివి, టైము చదివి, వెనక్కి తిప్పి అక్కడ రాసున్న నిబంధనలు కూడా చదివి తిరిగిచ్చింది.

ఆ ఇల్లు కింద లాండ్రీ, మీద రెండు గదులు, ఆ పైన డాబా. ఊరు చిన్నదే అయినా పక్కన కొండ ఉంది. కొండ మీద నిలబడితే ఏరూ, పొలాలూ, ఊరూ బొమ్మ గీసినట్టు కనిపిస్తాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చినవాళ్ళు లాడ్జీల్లో దిగుతారు. వాళ్ళు పడుకున్న దుప్పట్లు ఈ ఇంటికి వస్తాయి. ఏ లాడ్జీవో తెలియడానికి మూలన రంగుదారంతో ఒక కుట్టు ఉంటుంది. ఇంటి కోడళ్ళిద్దరూ వాటిని ఉతికి, డాబా మీద ఆరేసి, ఇస్త్రీ చేసి పంపుతారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరికీ అదే పని. అన్నం పెట్టేది ఆ కొండే అయినా, ఇద్దరిలో ఒక్కరూ దాని మొహం చూడ్డానికి పైకి వెళ్ళలేదు.

చిన్నకోడలి భర్త జ్వరంతో పోయి మూడేళ్ళయింది. నగరంలో ఆమె అన్నయ్యకి బట్టలు కుట్టే షెడ్డు ఉంది. ఒంటరిదానివి అక్కడెందుకు, మా దగ్గరికి వచ్చెయ్ అని అతను ఫోను మీద ఫోను చేశాడు. చివరికి సరేనంది.

ఆ సరే విన్నప్పటి నుంచీ పెద్దకోడలికి నిద్ర కరువైంది. ఉండిపోవే అని ఒక్క మాట అనాలి. ఆ మాట గొంతు దాకా వస్తుంది, అక్కడే కూర్చుంటుంది. మొగుడితో చెబితే ఆయన ఇస్త్రీపెట్టె ఆపకుండానే చెప్పాడు.

"నోరు మెదపకు. నువ్వు ఉండమంటే ఆ పిల్ల కాదనలేదు. మొహమాటానికి ఉండిపోయి జన్మంతా మన దుప్పట్లు ఉతుకుతూ మనల్నే తిట్టుకుంటుంది."

అదీ నిజమే అనిపించింది. జీతం లేని మనిషిని బాగానే పట్టుకున్నారని వీధిలో ఇప్పటికే గుసగుసలు. అందుకని ఏమీ అనలేక, చేతులు ఊరుకోక, సంచి సర్దింది. విప్పి మళ్ళీ సర్దింది.

"బస్సు మూడింటికి కదా," అంది చిన్నకోడలు. "కొండ మీదకి వెళ్ళొద్దామా?"

"ఇప్పుడా! బస్సు తప్పిపోతే?"

"జీపులో ఎంతసేపు? చంకలో పిల్లలతో కూడా వెళ్ళొస్తున్నారు. రేపు అక్కడెవరైనా మీ ఊరి కొండ ఎలా ఉంటుందని అడిగితే ఏం చెప్పను? దాని దుప్పట్లు ఉతికానని చెప్పనా?"

పెద్దకోడలు నవ్వింది. అంతలో ఆమెకి తట్టింది. ఇంట్లో మొగుడు వింటాడు, వీధిలో నలుగురు వింటారు. కొండ మీదైతే తెలిసినవాళ్ళెవరూ ఉండరు. అక్కడ అడిగేద్దాం. ఊరికే ఉండమని కాదు, కొట్టులో సగం నీది, బోర్డు మీద నీ పేరు కూడా రాయిద్దాం అని చెబుదాం. ఆ తర్వాత ఉన్నా, వెళ్ళినా దాని ఇష్టం.

జీపు డ్రైవర్ని ఊళ్ళో అందరూ హారన్ బాబాయ్ అంటారు. దారిలో కాకి ఉన్నా, లేకున్నా మోగిస్తాడు. రోడ్డు నున్నగా, వెడల్పుగానే ఉంది. అయినా పెద్దకోడలు ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తల్లీ, ఆ కడ్డీ ఊడి చేతికొచ్చిందంటే నా జీపులో ఇక మిగిలేది హారనొక్కటే," అన్నాడతను.

"నువ్వు ముందుకి చూసి నడుపు."

"చూడకుండా కూడా నడపగలను."

"ఆ గొప్ప మేం దిగాక చెప్పు!"

పైన పెద్ద సిమెంటు అరుగు, నడుం ఎత్తున కటకటాలు, నాలుగు బల్లలు, ఒక టీ కొట్టు. ఇదేనా, దీనికోసమా ఇంతమంది వస్తారు అనుకుంది పెద్దకోడలు. తర్వాత కటకటాల దగ్గరికి నడిచి కిందికి చూసింది. ఊరంతా అరచేతిలో ఇమిడేటట్టు ఉంది. పక్కన ఎవరో కొత్తగా పెళ్ళయిన జంట "అబ్బ, ఏరు చూడు, వెండితీగలా!" అనుకుంటున్నారు.

"అక్కా, మన దుప్పట్లు!" అంది చిన్నకోడలు.

నిజమే. ఇన్ని డాబాల మధ్య తెల్లగా మెరుస్తున్నది వాళ్ళదొక్కటే. ఇద్దరూ కటకటాల మీదకి వంగారు.

"ఏటివైపు తాడు సాగింది చూశావా? దుప్పటంచు గోడకి రాసుకుంటోంది."

"మీ బావగారికి మేకు కొట్టడం వస్తే కదా. గోడకి కొట్టమంటే గాలికి కొడతారు."

"పసుపు కుట్టువాళ్ళవి ఇంకా పూర్తిగా తెల్లబడలేదు. ఇక్కడి నుంచి కూడా తెలుస్తోంది."

"పసుపు కుట్టువాళ్ళ లాడ్జీలో మంచాల మీదే కూర్చుని తింటారే. ఎన్ని నీళ్ళు పోసినా అంతే."

జంట వీళ్ళని వింతగా చూసి అవతలికి జరిగింది. పెద్దకోడలు ధైర్యం కూడదీసుకుంది. ఇదే సమయం.

"నీతో ఒక మాట చెప్పాలే."

"చెప్పు," అంది చిన్నకోడలు. వెంటనే ఇటు తిరిగింది. కటకటాలు పట్టుకుని, కదలకుండా, కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడే చల్లగా ఏదో మెడ మీద తాకింది. వెనక చెట్ల నుంచి బూడిదరంగు మబ్బు జారుతూ వచ్చి టీ కొట్టుని మింగేసింది. బల్లలు మాయమయ్యాయి. ఊరు మాయమైంది.

లాండ్రీలో ఒక లెక్క ఉంది. అత్తగారు నేర్పిన లెక్క. కొండ తల మసకబారిందంటే ఇక వాన వచ్చేసినట్టే. చేతిలో ఏ పనున్నా వదిలేసి డాబా మీదకి పరుగెత్తాలి. ఇన్నేళ్ళూ ఆ లెక్క కింద నుంచి చూసిందే. ఇప్పుడు ఇద్దరూ సరిగ్గా ఆ కొండ తల మీదే నిలబడ్డారు.

"వాన!" అన్నారిద్దరూ ఒకేసారి.

"అమ్మా, ఇది ఇట్టే పోయే మబ్బే, వానా గీనా ఏం లేదు," అని టీ కొట్టాయన మసకలోంచి అరుస్తూనే ఉన్నాడు. వినేదెవరు? హారన్ బాబాయ్ చేతిలో టీ గ్లాసు ఉండగానే అతన్ని తోసుకొచ్చి జీపెక్కించారు. దిగేటప్పుడు పెద్దకోడలు కళ్ళు మూసుకోలేదు. ఇంకాస్త తొందరగా పోనీమని అతని ప్రాణం తీసింది.

ఇల్లు చేరగానే మెట్లు రెండేసి ఎక్కి, క్లిప్పులు పీకి, దుప్పట్లు భుజాల మీద వేసుకోవడం మొదలుపెట్టారు. సగం తాళ్ళు ఖాళీ అయ్యాక కింది నుంచి పెద్దకోడలి మొగుడి గొంతు వినిపించింది.

"ఎండ పెళ్ళుమంటుంటే తడి దుప్పట్లు తీసేస్తారేంటి? మీకేమైనా మతిపోయిందా?"

ఇద్దరూ తలెత్తారు. ఆకాశం నీలంగా ఉంది. కొండ మీద చూద్దామన్నా మబ్బు లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, భుజాల మీద తడి బరువుతో, కడుపులు పట్టుకుని నవ్వారు. తర్వాత చేసేదేముంది, మళ్ళీ ఆరేయడం మొదలుపెట్టారు. దుప్పటికి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి, మూలలు లాగి, తాడు మీద వేస్తూ.

"పైన ఏదో చెప్పాలన్నావు," అంది చిన్నకోడలు అవతలి నుంచి.

దుప్పటి అడ్డంగా ఉంది. మొహం కనిపించడం లేదు. అందుకే మాట బయటికొచ్చింది.

"ఉండిపోవే. కొట్టులో సగం నీది. బోర్డు మీద నీ పేరు కూడా రాయిద్దాం. వెళ్ళకే."

అవతల క్లిప్పు పెట్టే చప్పుడు ఆగిపోయింది.

"పొద్దుట్నుంచీ సంచి సర్దుతూనే ఉన్నావు కదక్కా. ఎప్పుడెప్పుడు వెళతానా అని చూస్తున్నావనుకున్నాను."

"నేనా!"

"ఈ నెల రోజుల్లో ఒక్కసారి వద్దన్నావా? అడుగుతావేమోననే కొండకి తీసుకెళ్ళాను."

"అడగొద్దని మీ బావగారన్నారే."

"ఆయన మాట నువ్వెప్పుడు విన్నావు గనక?"

పెద్దకోడలు దుప్పటి పక్కకి లాగింది. చిన్నకోడలు చేతిలో క్లిప్పులతో ఏడుస్తోంది.

"ఆ టికెట్టు చించి పారెయ్," అంది పెద్దకోడలు.

"ఎలా చించనక్కా? స్కూళ్ళు తెరుస్తున్నారు. యూనిఫాంల పనికి నన్ను నమ్ముకుని అన్నయ్య ఆర్డరు ఒప్పుకున్నాడు. అది అయ్యేదాకా ఉండి వచ్చేస్తా. రెండు నెలలు. నా గది ఎవరికీ ఇవ్వకు."

"ఎవరికిస్తానే?"

బస్సు టైముకే వచ్చింది. కిటికీలోంచి చిన్నకోడలు, తాడు గట్టిగా కట్టించమని అరిచింది. పెద్దకోడలు సరేనని తలూపింది. ఆమె మనసు తేలికగానే ఉంది. రెండు నెలలే కదా.

యూనిఫాంల పని అయ్యాక ఇంకో ఆర్డరు వచ్చింది. అది కాగానే అన్నయ్య భార్యకి ఆపరేషను, ఇల్లు చూసుకునే దిక్కు లేదు. పై ఏడాది ఆ షెడ్డులోనే బట్టలు కత్తిరించే మాస్టారిని చిన్నకోడలు పెళ్ళి చేసుకుంది. మంచి మనిషట. పెద్దకోడలు ఫోనులో నాలుగు మంచి మాటలు చెప్పి, ఎప్పుడొస్తావే అని అడిగింది. వస్తానక్కా, వచ్చి నాలుగు రోజులుంటాను అంది. మొదట్లో వారం వారం ఫోను చేసేది, తర్వాత నెలకొకసారి.

చిన్నకోడలు వెళ్ళింది మే నెలాఖరులో, ఒక శుక్రవారం, మూడింటి బస్సుకి. ఇది తొమ్మిదో ఏడు. మళ్ళీ రాలేదు.