తోకల డబ్బా

"ఎలుకతోకలు పెట్టిన ఫ్రిజ్ల నీళ్లు పెళ్లోళ్లకు పోస్తవానే? మంచిగున్నది నీ సంసారం" అన్నాడు శివమ్మతో మొగుడు బాలస్వామి, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పొద్దుటి నుంచీ కరెంటు లేక నీళ్లు కారుతున్న ఫ్రిజ్‌ని శివమ్మ తుడుస్తూనే ఉంది. యూనివర్సిటీ ల్యాబులో ఫ్రిజ్ చెడిపోయిందని నిన్న కూతురు భూమిక ఆ తోకల డబ్బా తెచ్చి ఐస్ అరలో పెట్టింది. తోకల్లోంచి ఏ రోగమో పాలగిన్నెలోకి దిగుతుందని శివమ్మకు ఓ భయం. ముషీరాబాద్ సంబంధం వాళ్లు చూస్తే తార్నాకంతా చాటుతారని ఇంకో భయం.

"పారేద్దాం బిడ్డా" అంటే భూమిక ఒప్పుకోలేదు. "వద్దమ్మా. తోకల్ల తెల్లపోగులుంటయి, వాటితోని వల లెక్క చేస్తం. మన ఒంట్లె కణాలు అసుంటి వలను పట్టుకునే నిలబడ్తయి. కొన్నేమో నిలబెట్టిన వలనే ముక్కముక్క మింగి లోపల అరిగించుకుంటయి. అది చూసుడే నా పని. ఐస్ కరిగితే తోకలు ఖరాబైతయి, నా పని మొత్తం పోతది."

ఏడో తరగతితో ఆగిన శివమ్మకు అది ఇట్టే అర్థమైంది. అలా మింగేవాళ్లకు ఆమె ఇన్నేళ్లుగా వండి పెడుతోంది మరి. అత్త ఉప్పలమ్మ ఆమె నడుమును మింగి, "కూసోని తింటున్నవ్" అంది. మొగుడు ఆమె నిద్రనూ, కుట్టుపనినీ మింగి, "ఇంట్ల నీకేం పనుంటది" అని తేన్చాడు. ఆ తేన్పు విని, అరిగిందిలే పాపం అని నిమ్మళపడ్డ మనిషి కూడా తనే. థూ.

పెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు నరేందర్ నోరు విప్పలేదు, అతని తండ్రి రాజలింగు మూయలేదు. "పెళ్లయినంక గా ఎలుకల చదువు బంద్. మా ఇంట్ల పూజలుంటయి."

"అయ్యో, మీ ఇష్టం. ఆడిపిల్లకు గదొక పనా?" అని బాలస్వామి వంటింటి వైపు తిరిగాడు. "ఏమే, ఐసేసి షర్బత్ తే!"

ఐసు మిగిలింది ఒక్క ట్రే. శివమ్మ దాన్ని బయటికి తీసింది. ఈ సంబంధం పోతే? ఇంకొకటి రాకపోతే? రేపు పిల్లే తనను తిడితే? అయినా ఐసంతా గిన్నెలో గుమ్మరించి, కుల్ఫీ బండివాడిలా ఉప్పు చల్లి, నడుమ తోకల డబ్బా దించి, తడి గోనె చుట్టింది.

వెచ్చటి షర్బత్ గుక్కెడు తాగి రాజలింగు మొహం చిట్లించాడు. "ఐసేదమ్మా?"

"ఎలుకతోకలకు పెట్టిన, అన్నా" అంది శివమ్మ. "చల్లగ లేకుంటే అవి ఖరాబైతయి. మీరెట్లున్నా మింగుతరు."