దర్జీ గదిలో సముద్రం

ఆదివారం మధ్యాహ్నం దర్జీ కొట్టు మూసేసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద సముద్రం పటం పరిచేవాడు. తలా ఒక పాత్ర ఎంచుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. కథ చెప్పేది దర్జీ. ఓడల యుద్ధమొస్తే కెప్టెన్ ఒక్కడే మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఈగలు తోలుకుంటూ కూర్చోకూడదని అతని పట్టుదల. అందుకే ఆటకొచ్చే వీధి పోస్ట్‌మాన్‌కి చుక్కాని, పళ్ల డాక్టరుకి తెరచాపలు, వదినకి ఫిరంగులు అప్పగించాడు.

వదినంటే అతని అన్న భార్య. అన్న సరుకు ఓడలో పనిచేస్తూ తుఫానులో నీళ్లలో పడిపోయాడు. పక్కనుంచి పోతున్న ఇంకో ఓడ చూసి కూడా ఆగలేదట. గోడలకేసి చూస్తూ కూర్చుంటోందని మరిదే ఆమెను బతిమాలి ఆటకి తెచ్చాడు.

యుద్ధం మొదలైతే గదిలోకి మోకాళ్ల దాకా ఉప్పునీళ్లొచ్చేవి. అందరూ ముందే చెప్పులు కిటికీలో పెట్టుకునేవాళ్లు. ఆటయ్యాక దర్జీ నేల తుడుచుకునేవాడు.

ఆ వారం దొంగల ఓడ ఎదురైంది. పోస్ట్‌మాన్ ఓడని ఒడుపుగా తిప్పాడు. వదిన పాచికలు బాగా పడ్డాయి. గుండు తిన్నగా దొంగల ఓడ పొట్టలో దిగింది.

"మునిగిపోయింది. ఇక మనం ద్వీపం వైపు," అన్నాడు దర్జీ.

"అందులో మనుషులెంతమంది?" అంది వదిన.

ఆట లెక్కలో ఓడకి బలమే ఉంటుందనీ, మనుషుల్ని విడిగా లెక్కపెట్టరనీ దర్జీ నసిగాడు. గాలి మంచిగా ఉంది, ఇప్పుడు ఆగితే మళ్లీ దొరకదన్నాడు డాక్టరు.

"తెరచాపలు దించండి డాక్టరుగారూ. ఆగుదాం," అంది వదిన.

ఆయన దించాడు. వదిన వంగి, బల్ల కింద నీళ్లలోకి భుజం దాకా చెయ్యి పెట్టి వెతికింది. దేన్నో పట్టుకుంది. దర్జీ వచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి లాగితే ఒక మనిషి పైకొచ్చాడు. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి, ఒంటి మీద సరుకు ఓడవాళ్లు వేసుకునే నారింజరంగు చొక్కా.

దర్జీ ఆ ముఖం చూసి తల తిప్పుకున్నాడు. అన్న కాదు.

వదిన మాత్రం చెయ్యి వదల్లేదు. డాక్టరు అతని వీపు మీద చరిచి నీళ్లు కక్కించాడు. ఎవరికో కుట్టి ఉంచిన పొడి చొక్కా తీసి దర్జీ అతనికి తొడిగాడు.

మాట రాగానే అతను అడిగింది ఒక్కటే. "బస్సులెక్కడ ఆగుతాయమ్మా? ఇంట్లో మా ఆవిడ భయపడుతుంటుంది."

వదిన చెప్పులేసుకుని, దగ్గరుండి అతన్ని బస్సెక్కించింది. అది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం ఎక్కడో ఒక ఇంట్లో తలుపు చప్పుడైతే, ఒకావిడ పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్లి తీసింది.