అత్తయ్య మణికట్టు మీది వెనిలా

మా అత్తయ్య సెంటు కొనుక్కుందంటే మొదట నేను నమ్మలేదు. మా ఇంట్లో వాసన సబ్బుకే దిక్కులేదు. పాల కేంద్రంలో ఆవిడ ఉద్యోగమంతా ముక్కుతోనే. వ్యాన్‌లోంచి దిగిన ప్రతి క్యానుకీ మూత తీసి వాసన చూస్తుంది. బాగుంటే పెద్ద తొట్టిలోకి, తేడాగా ఉంటే పక్కకి. ఆ ముక్కు చెడిపోతుందని, నేను కాపురానికి వచ్చిన మొదటి వారమే నా పౌడరు డబ్బా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

అలాంటి మనిషి ఇప్పుడు బిస్కెట్ల డబ్బా తెరిచినట్టు గుప్పుమంటూ బస్సెక్కుతోంది. వెనిలా! అదీ అర సీసా ఒంపుకున్నంత.

నేనూ అదే కేంద్రంలో ఖాళీ క్యాన్లు కడుగుతాను. చేతులు నీళ్ళలో ఉన్నా కళ్ళు మాత్రం అత్తయ్య మీదే. అప్పుడు పట్టుకున్నాను వ్యాన్ డ్రైవర్ సంగతి. క్యాను దింపుతూ ఉన్నట్టుండి దగ్గుతాడు. అత్తయ్య అతని వైపు ఓ చూపు చూస్తుంది. మధ్యాహ్నం టీ తెచ్చిస్తే నవ్వుతూ అందుకుంటుంది. నాతో ఏనాడైనా అలా నవ్విందా? మామయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది, తప్పని నేననను. కానీ నా పౌడరుకి పనికొచ్చిన రూలు ఆవిడ సెంటుకి పనికిరాదా అని ఒళ్ళు మండిపోయింది.

మా ఆయనకి చెబితే "నీకేం పనిలేదా?" అని అటు తిరిగి పడుకున్నాడు. వాళ్ళమ్మ మీద ఈగ వాలనివ్వడు.

ఆదివారం ఆవిడ స్నానానికి వెళ్ళగానే బీరువా తీశాను. సాక్ష్యం కోసమే లెండి. చీరల వెనక సీసా దొరికింది. ఒక్క చుక్క మణికట్టు మీద వేసుకున్నాను. చవకబారు తీపి! ముఖం చిట్లించాను. కాసేపాగి మళ్ళీ వాసన చూసుకున్నాను. ఆ తర్వాత బట్టలు మడతపెడుతున్నా, గిన్నెలు తోముతున్నా చెయ్యి ముక్కు దగ్గరికే పోతోంది. అంత బాగుంది, దిక్కుమాలినది.

ఎక్కడ పట్టేస్తుందో అనుకుంటూనే వంటింట్లో ఆవిడ పక్కన నిలబడ్డాను. గుమ్మంలోంచే పౌడరు పసిగట్టిన మనిషి ఒక్క మాట అనలేదు. తన గుట్టు బయటపడుతుందని నోరు మెదపట్లేదు, అనుకున్నాను.

మర్నాడు ఆ డ్రైవర్ సెలవు. ఇంకెవరో క్యాన్లు దింపారు. అత్తయ్య మూతలు తీసింది, వాసన చూసింది, అన్నీ తొట్టిలో పోయించింది. కడగడానికి నా దగ్గరికొచ్చిన ఒక క్యాను మూత తీసేసరికి పులిసిన కంపు గుప్పుమంది. తొట్టెడు పాలూ పాడయ్యాయి. అన్నీ పారబోయించారు.

అత్తయ్యని స్టోరు గది వెనక నిలదీశాను. "ఆ డ్రైవర్ లేకపోతే పని మీద ధ్యాసే ఉండదా అత్తయ్యా?"

ఆవిడ తిట్టలేదు. చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన వస్తోందా?"

"వీధి చివరిదాకా వస్తోంది."

"నాకు రావట్లేదే. మొన్నామధ్య జ్వరమొచ్చి తగ్గినప్పట్నుంచి ఏ వాసనా రావట్లేదు. కొట్లో సీసాలన్నీ చూశాను. ఇదొక్కటే కాస్త తీపిగా తగిలింది. ఇప్పుడదీ పోయింది. మళ్ళీ వస్తుందేమోనని పోసుకుంటూనే ఉన్నాను. చెడ్డ క్యాను వస్తే ఆ డ్రైవరే పసిగట్టి, నాకు తెలిసేలా దగ్గేవాడు, పాపం."

సిగ్గుతో చచ్చిపోయాను.

"మేనేజరుకి నేనే చెప్పేస్తాలే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా చోటు నీకిమ్మంటాను. సెంటు మాత్రం పూసుకోకూడదు, తెలుసుగా."

ఇప్పుడు మూతలు నేను తీస్తున్నాను, క్యాన్లు అత్తయ్య కడుగుతోంది. పనయ్యాక మాత్రం సంచిలోంచి సీసా తీసి మణికట్టుకి రాసుకుంటుంది. ఇంటికెళ్ళే బస్సులో ఆవిడ పక్క సీటు నాదే. రోజూ చెయ్యి చాపుతుంది.

"ఎలా ఉందో చెప్పవే."

కళ్ళు మూసుకుని పీలుస్తాను. "వేడి పాలల్లో చక్కెర కరుగుతున్నట్టుంది అత్తయ్యా."

ఆవిడ కూడా ఒకసారి పీల్చి చూసుకుని, "ఊఁ, అవును," అంటుంది.