మిట్టమధ్యాహ్నపు అతుకు

ఆదెమ్మ గుమ్మం ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

"ఇవాళ సాయంత్రం కోర్టులో పెడతారంట అమ్మాయిగారూ. అట్నించటే జైలుకంట. నాగేంద్రబాబుగారి మీద చెయ్యెత్తే మనిషా మా ఆయన? మీరే చెప్పండి."

అఖిల గుమ్మం దిగి ఆమె దగ్గరకొచ్చింది. అఖిల తండ్రి నాగేంద్రబాబు పోయి వారం దాటింది. పర్చూరు చుట్టుపక్కల నాగేంద్రబాబంటే పొగాకు రైతుగా కంటే రైళ్ళ పిచ్చోడిగానే ఎక్కువమందికి తెలుసు. రోడ్డు పక్క పొలంలో ఉన్న పాత పొగాకు షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు బల్లలు వేసి, వాటి మీద జానెడేసి పెట్టెలతో రైలు నడిపేవాడు. ఆ షెడ్డులోనే ఒక మధ్యాహ్నం, పట్టా మీద చెయ్యి పెట్టి ఉండగా కరెంటు కొట్టి ప్రాణం పోయింది.

ఆ బుల్లి రైలుకి వెళ్ళే కరెంటు చీమని కూడా చంపదు. ఎవరో ఇంటి కరెంటు తీగ తెచ్చి పట్టాకి కలిపారని, మనిషి పడిపోయాక తీసేశారని పోలీసులు తేల్చారు. ఊళ్ళో కరెంటు పని చేసేది ఇమ్మానియేలు. ఆ రోజు పొద్దున షెడ్డులో ఫ్యాను బాగుచేసి వెళ్ళిందీ అతనే. అంతకుముందు రోజు టీకొట్టు దగ్గర జరిగిన గొడవొకటి ఉంది.

"నీ వైరింగు దెబ్బకి నా రైలుకి కామెర్లొచ్చాయిరా ఇమ్మానియేలూ" అన్నాడు నాగేంద్రబాబు.

"ఉండండి బాబుగారూ, రేపొచ్చి మీ అంతు చూస్తా" అని అరిచాడు ఇమ్మానియేలు.

టీకొట్టంతా పగలబడి నవ్వింది. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరూ మాట్లాడుకునే తీరే అది. కానీ ఇప్పుడు ఆ మాటే సాక్ష్యం. మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నానని ఇమ్మానియేలు చెప్పాడు. దానికి సాక్షి అతని భార్య ఆదెమ్మ ఒక్కతే. నిన్న వచ్చి పట్టుకుపోయారు.

"ఏమే ఆదెమ్మా, తెల్లారకుండానే శోకాలా?" లోపల్నుంచి త్రినాథ్ వచ్చాడు. అఖిలకి మేనమామ కొడుకు, ఇప్పుడు మొగుడు. మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలే వ్యాపారం అతనిది. "చెప్పుకునేదుంటే స్టేషన్‌లో చెప్పుకో. ఇక్కడ చచ్చిపోయింది మా మావయ్య."

ఆదెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

త్రినాథ్ భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నానికి జేసీబీ వస్తోంది అఖిలా. ఆ షెడ్డు తీసేయిద్దాం. పోలీసులు చూడాల్సింది చూసేశారు. అది కళ్ళముందున్నంతకాలం నువ్వు తేరుకోవు."

షెడ్డు పోతే రోడ్డు వారగా నాలుగెకరాలు చదునుగా తేలుతుంది. ప్లాట్లు వేద్దామని త్రినాథ్ ఎప్పట్నుంచో అంటున్నాడు. నేనుండగా గజం కూడా అమ్మనన్నాడు నాగేంద్రబాబు.

"నాన్న రైలుపెట్టెలైనా తెచ్చుకుంటాను బావా" అంది అఖిల. "ఆదెమ్మని తీసుకెళ్తా, బుట్ట మోస్తుంది."

"నీ ఇష్టం" అని త్రినాథ్ బండి స్టార్ట్ చేశాడు.

షెడ్డు తలుపు తీయగానే పాత పొగాకు వాసన గుప్పుమంది. పైన రేకులు. రాత్రి గాలికి చల్లబడి, ఇప్పుడు మాత్రం హాయిగానే ఉన్నాయి. పొద్దెక్కితే ఇదే షెడ్డు పొగాకు కాల్చే బ్యారన్ కంటే అన్యాయం. బల్లల మీద గుంటూరు నుంచి చీరాల దాకా నాన్న కట్టిన లోకమంతా ఉంది. రంపపు పొట్టుకి ఎర్రరంగు వేసి ఆరబోసిన మిరప కళ్ళాలు, దూదిపింజలతో పత్తిచేలు, అగ్గిపెట్టెలతో స్టేషన్లు.

అఖిల పెట్టెలు ఒక్కొక్కటే తీసి ఆదెమ్మకి అందిస్తూ, అలవాటుగా పట్టాల అతుకులు వేలితో తడుముకుంటూ పోయింది. చిన్నప్పటి అలవాటు. ఈ అతుకుల సంగతి నాన్న ఆమెకి అన్నం ముద్దలతో పాటు తినిపించాడు.

మొదట్లో ఆయనకీ తెలియదు. ఒక సంక్రాంతి చలిలో, పట్టా పక్కన పట్టా ఆనించి, సందు లేకుండా గట్టిగా బిగించేశాడు. ఏప్రిల్ వచ్చేసరికి రేకుల కింద పట్టాలు సాగి, సాగడానికి చోటు లేక, మేకులు పీక్కుని పాములా పైకి లేచాయి. అప్పట్నుంచి పద్ధతి మార్చాడు. తెల్లవారుజామున, పట్టా చల్లబడి ముడుచుకుని ఉన్నప్పుడు బిగిస్తే, అతుకు దగ్గర అట్టముక్క మందాన సందు వదలాలి. మధ్యాహ్నానికి పట్టా సాగి ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. అదే మధ్యాహ్నం బిగిస్తే పట్టా అప్పటికే సాగి ఉంటుంది కాబట్టి ఆనించి బిగించాల్సిందే. సందు అక్కర్లేదు. అట్టముక్కలకి ఆయన వాడింది అఖిల పెళ్ళిలో మిగిలిపోయిన శుభలేఖలు. పసుపు రాసిన మూలలతో సహా కత్తిరించి డబ్బాలో పోసుకున్నాడు.

షెడ్డు కొలిమి అవుతుంది కాబట్టి పని దాదాపు ఎప్పుడూ తెల్లవారుజామునే. అల్లుణ్ణి కూడా నిద్రలేపి తీసుకొచ్చేవాడు. "అట్టముక్క పెట్టకుండా మేకు కొట్టావో, చెయ్యి విరగ్గొడతా బాబూ" అని నవ్వేవాడు. త్రినాథ్ ఆవలిస్తూ, అట్టముక్క పెట్టి, మేకు కొట్టి, యార్డుకి వెళ్ళిపోయేవాడు. ఎండవేళ, పని తప్పనప్పుడు, పక్కన కూర్చున్నది ఇమ్మానియేలు ఒక్కడే.

ఫ్యాను కింద, నాన్న పడిపోయిన చోటికొచ్చేసరికి అఖిల వేలు ఆగిపోయింది.

అతుకు దగ్గర సందు పెద్దదిగా ఉంది. డబ్బాలోంచి అట్టముక్క తీసి దూర్చింది. జారి కిందపడింది. రెండు కలిపి దూర్చింది. అప్పుడు నిలబడింది. ఆ పట్టా ముక్కకి అవతలి చివర కూడా అంతే. వంగి చూసింది. పట్టా అంచులు కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరో ఆకురాయితో అరగదీశారు. ఇత్తడి పొడిలాంటి మెరుపు కింద పత్తిచేల మీద రాలి ఉంది.

"ఏంటమ్మా?" అంది ఆదెమ్మ.

"నాన్న పట్టా అరగదీయడు" అంది అఖిల. బుట్ట పక్కన కూలబడింది. "కూర్చో ఆదెమ్మా. ఎండెక్కనీ."

కూర్చున్నారు. రేకులు వేడెక్కుతూ టప్ టప్‌మని చప్పుడు చేశాయి. పక్క కళ్ళంలో ఎవరో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఆ ఘాటు లోపలికొచ్చి ఇద్దరికీ కళ్ళు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఫ్యాను వేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఎండ నడినెత్తికొచ్చాక అఖిల లేచి మళ్ళీ చూసింది. షెడ్డంతటా అతుకులు మూసుకుపోయాయి, గోరు కూడా దూరదు. ఫ్యాను కింద ముక్క దగ్గర మాత్రం సందు మిగిలే ఉంది. అట్టముక్క ఒకటి దూర్చింది. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఆ అట్టముక్కని బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని చూసింది.

ఆ పట్టా ముక్కని ఇలాంటి ఎండలోనే ఎవరో లేపారు. కింద తీగ దాచారు. భోంచేసి వచ్చిన నాన్న చెయ్యి పెట్టేదాకా కాచుకున్నారు. తర్వాత తీగ లాగేసి, ముక్కని నాన్న బిగించినట్టే బిగించాలనుకున్నారు. అట్టముక్క పెట్టారు. పట్టా సాగి ఉంది, పట్టలేదు. పట్టేదాకా అరగదీశారు. ఇమ్మానియేలు అయితే అట్ట జోలికే పోడు, ముక్కని ఆనించి మేకు కొట్టేవాడు. అట్ట పెట్టాలని తెలిసి, అది ఎప్పుడు పెట్టాలో తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడు.

"నేననుకున్నది తప్పయితే బాగుండు ఆదెమ్మా" అంది అఖిల. బల్ల ఇవతలి చివర మేకులు ఊడబీకి, బాగున్న ముక్కనొకదాన్ని చేత్తో పైకి లేపి వదిలేసింది.

బయట జేసీబీ రొద వినిపించింది. వెనకే త్రినాథ్ లోపలికొచ్చాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? ఈ ఎండలో వడదెబ్బ తగుల్తుంది, బయటికి రా."

"ఒక్క రైలు ఒకసారి నడిపి చూసుకుంటా బావా. ఆఖరిసారి. ఈ ముక్క ఊడిపోయింది, కాస్త బిగించవూ? నాన్నతో కూర్చునేవాడివి గదా."

"ఇప్పుడా? పడగొట్టేదానికి రిపేరా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. "సరే, ఏడవకు. ఇటివ్వు."

ముక్కని చోట్లో పెట్టాడు. డబ్బా వైపు చెయ్యి చాపి, పసుపు మూల ఉన్న అట్టముక్క తీశాడు. అతుకు దగ్గర దూర్చబోయాడు. దూరలేదు. మళ్ళీ నొక్కాడు. విసుగ్గా నాలిక చప్పరించి, బల్ల కింద సొరుగు లాగి, వెతక్కుండానే ఆకురాయి తీశాడు. పట్టా అంచు మీద గరగరమని రెండు మూడుసార్లు రుద్దాడు.

అఖిల చూస్తూ నిలబడింది. తప్పయితే బాగుండునన్న ఆశ ఆ గరగరలోనే అరిగిపోయింది.

"నాన్న ఎన్నడూ పట్టా అరగదీయలేదు బావా."

ఆకురాయి ఆగింది.

"మధ్యాహ్నం బిగిస్తే అట్ట పెట్టరు. అది నీకు నాన్న చెప్పలేదు. మధ్యాహ్నం నువ్వెప్పుడూ రాలేదు గదా. ఒక్కసారి తప్ప." ఫ్యాను కిందకి వేలు చూపించింది. "అక్కడ కూడా ఇలాగే అరగదీశావు."

త్రినాథ్ ఫ్యాను కింద పట్టా వైపు చూశాడు. ముఖం మీద చెమట తుడుచుకోలేదు.

"ఆ రోజు నేను యార్డులో ఉన్నా."

"ఎవరు చూశారు?"

త్రినాథ్ ఆకురాయిని బల్ల మీద మెల్లగా పెట్టాడు. మళ్ళీ నోరు తెరిచినప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"నాలుగెకరాలే, అఖిలా. ఎవరికి? మనకే గదా. ఈ ఆటబొమ్మల కోసం అంత నేల ఎండబెట్టుకుని కూర్చుంటాడా? ఎన్నిసార్లు అడిగానో నీకు తెలుసు."

"ఏమన్నాడు నాన్న? నిన్ను చూసి?"

"ఎండలో ఎందుకొచ్చావు బాబూ అన్నాడు. కుండలో మజ్జిగుంది తాగమన్నాడు." త్రినాథ్ ఊపిరి పీల్చుకున్నాడు. "తాగా."

అఖిల బల్ల అంచు పట్టుకుంది.

"జరిగిందేదో జరిగింది. ఇమ్మానియేలుకి మంచి లాయర్ని పెడదాం. సాక్ష్యం బలంగా లేదు, ఏడాదీ రెండేళ్ళలో బయటికొస్తాడు. వాళ్ళింటికి బియ్యం మనమే పంపిద్దాం. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

"నేనిక్కడే ఉన్నానయ్యా."

తలుపు పక్కన బుట్ట వెనకనుంచి ఆదెమ్మ లేచింది. ఆమె దాక్కోలేదు. అతను వచ్చినప్పట్నుంచీ అక్కడే, అతని కళ్ళెదుటే కూర్చుని ఉంది. బుట్టని చూసినట్టే ఆమెనీ చూశాడతను.

త్రినాథ్ ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తేరుకున్నాడు. "ఉంటే ఏంటే? మొగుణ్ణి విడిపించుకోడానికి కథ అల్లిందంటారు. నీ మాట ఎవడింటాడు?"

ఆదెమ్మ అతని వైపు చూడలేదు. అఖిలనే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, నమ్మకమూ లేదు. ఈ అమ్మాయి ఏ పక్కకి వెళ్తుందో చూద్దామన్నట్టు ఉంది, అంతే.

"నా మాట వింటారు" అంది అఖిల.

"పిచ్చా నీకు? నేను లోపలికి పోతే నీ బతుకేంటి? ఊరేమంటుంది? మా అమ్మ నిన్ను గడప తొక్కనిస్తుందా?"

"తొక్కనివ్వదు."

అతను అడుగు ముందుకేశాడు. ఆదెమ్మ తలుపు బార్లా తెరిచి, బయటికి చూస్తూ కేక పెట్టింది. పక్క కళ్ళంలో కూలీలు తలలెత్తారు. త్రినాథ్ అక్కడే ఆగిపోయాడు.

అఖిల బయటికొచ్చి తాళం కప్ప పట్టుకుని నిలబడింది. "రా బావా. తాళం వేయాలి."

అంతమంది చూస్తుండగా అతను లోపల ఉండలేకపోయాడు. వచ్చాడు. ఆమె తాళం వేసి తాళంచెవి జాకెట్టులో దోపుకుంది. జేసీబీ డ్రైవరు మీరా హుస్సేన్ తొట్టి పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు.

"ఆపు హుస్సేనన్నా. ఈ షెడ్డు మీద ఒక్క దెబ్బ పడిందా, మా నాన్న హత్య కేసులో నువ్వూ ఉంటావు."

హుస్సేన్ ఆమెని చూశాడు, త్రినాథ్‌ని చూశాడు. ఇంజను ఆపి, కిందకి దిగి, దూరంగా పోయి నిలబడ్డాడు. "నాకెందుకమ్మా ఈ గోల" అని మాత్రం గొణిగాడు.

రోడ్డు మీద ఆటో ఆపి ఇద్దరూ ఎక్కారు. త్రినాథ్ వెంటపడలేదు. జేసీబీ నీడలో కూర్చుని, ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఆటోలో ఆదెమ్మ పైకే ఏడ్చింది. ఊరు దాటాక అఖిల చెయ్యి పట్టుకోబోయి, మానేసింది.

స్టేషన్‌లో ఇమ్మానియేలు మూలన నేల మీద కూర్చుని ఉన్నాడు, కోర్టుకి తీసుకెళ్ళే జీపు కోసం. అఖిలని చూసి కంగారుగా లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. ఆమె తన మీద అరవడానికి వచ్చిందనుకున్నాడు.

ఎస్సై ఆరాధన కుర్చీ చూపించింది. అఖిల కూర్చోలేదు. ఫ్యాను కింద ముక్క దగ్గర్నుంచి మజ్జిగ దాకా అంతా చెప్పింది. ఎస్సై మధ్యలో రెండుసార్లు ఆపి అడిగి, అర్థం చేసుకుంది. షెడ్డుకి కానిస్టేబుళ్ళని పంపింది. తర్వాత కాగితం ముందుకి లాక్కుంది.

"చనిపోయినాయన మీకేమవుతాడు?"

"మా నాన్న."

"మీరు ఫిర్యాదు ఇస్తున్నది ఎవరి మీద? అతను మీకేమవుతాడు?"

అఖిల పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆమె నోట ఏ మాట రావాలో ఇమ్మానియేలుకి అప్పుడర్థమైంది. జోడించిన చేతులు దించేశాడు. ఆమె ముఖం చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆదెమ్మని కూడా భుజం పట్టి గోడ వైపు తిప్పాడు.

వాళ్ళ వీపులు చూస్తూ అఖిల చెప్పింది.

"మా ఆయన."