ఆగండిగారు

మా ఆఫీసులో ఎవరు కోడ్ మార్చినా సర్వర్ పరీక్షలన్నీ నడిపి, అన్నీ సరిగ్గా ఉంటే చివర పచ్చదీపం, లేకుంటే ఎర్రదీపం చూపిస్తుంది. ఒక్కోసారి ఏదీ వెలగదు. ఏదో ఒక పరీక్ష కదలకుండా మెదలకుండా భీష్మించుకు కూర్చుంటుంది.

అప్పట్లో నాకు ముక్కు మీద కోపం. పరీక్ష ఆగిందంటే చాలు, రద్దు చేసి మళ్లీ నడపబోయేదాన్ని. వెంటనే కిటికీ పక్క కుర్చీలోంచి "ఆగండి, ఆగండి!" అని కేక. అందుకే ఆ కుర్చీలో కూర్చునే మా సీనియర్‌కి ఆగండిగారని పేరు పెట్టాం. టీ గ్లాసు తొణక్కుండా నింపాదిగా వచ్చి, ఆ పరీక్ష ఏ లైను దగ్గర దేనికోసం కాచుకుందో కాగితం మీద రాసుకున్నాకే రద్దు చేయనిచ్చేవారు.

"రద్దు చేశాక అదెక్కడ ఇరుక్కుందో ఇక తెలీదమ్మా," అనేవారు.

"అబ్బో, పెద్ద పరిశోధన!" అని గొణుక్కునేదాన్ని. ఎంతసేపు కదలకపోతే పరీక్ష ఇరుక్కున్నట్టు సర్వర్ లెక్కేసి ఎర్రదీపం వెలిగించాలో దానికో గడువుంది; ఒకసారి విసిగిపోయి, ఇరుక్కున్నవి ఎవరి కంటా పడకుండా దాన్ని పది నిమిషాల నుంచి నలభైకి పెంచేశాను. వారం రోజులు నాతో మాట్లాడలేదాయన. ఎంత పొగరో నాకప్పుడు! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన రిటైరై రెండేళ్లయింది. మొన్న మధ్యాహ్నం నాలుగింటికి, రోగి నరంలోకి మందు ఎక్కించే పంపు తాలూకు కొత్త ప్రోగ్రాం ఆసుపత్రులకు వెళ్లాలి. సరిగ్గా ఆయన రాసిన పరీక్షే ఆగిపోయింది. మీట నొక్కితే పంపు ఆగుతుందా లేదా అని చూసే పరీక్ష అది. మూడుసార్లు నడిపినా అంతే.

"ఆగండిగారి కాలంనాటిది అక్కా. తీసి పారేస్తే మిగతావన్నీ పచ్చే," అంటూ టీమ్ లీడర్ రద్దు బటన్ మీదికి మౌస్ జరిపాడు.

"ఆగండి, ఆగండి!"

గదంతా నావైపు తిరిగింది. అరిచింది నేనే.

కాగితం తీసుకుని చూశాను. 'ఆగాను' అని పంపు చెప్పే జవాబు కోసం పరీక్ష కాచుకుంది. పొద్దున మార్చిన కోడ్‌తో, మందు ఎక్కుతుండగా మీట నొక్కితే పంపు ఆగడమే లేదు.

లీడర్ ముఖం పాలిపోయింది. "అమ్మో, పంపేసేవాళ్లం కదక్కా!" అంటూ ఆసుపత్రులకు వాయిదా కబురు పెట్టడానికి పరుగెత్తాడు.

"కొత్త ఆగండిగారొచ్చారర్రా!" అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు. ఇదివరకైతే మీదపడి కరిచేదాన్ని.

కిటికీ పక్క కుర్చీ మీది అట్టపెట్టెలు దింపి, కూర్చుని ఆగండిగారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"రద్దు చేశావా?" అన్నారు.

"రాసుకున్నాకే చేశాను సార్. గడువు కూడా మళ్లీ పదికి తెచ్చేశాను."

"ఆగండి, ఆగండి! కాగితం తెచ్చుకుంటాను, ఏ లైనో చెబుదువుగాని," అన్నారు. నేను ఫోన్ పెట్టేయలేదు, అలాగే కాచుకున్నాను.